నేను చేయని పనికి నా పేరు

ఆ పిల్లను నీళ్లలోంచి గట్టు మీదికి తీసుకొచ్చింది నేను కాదు. నేనేనని రిజిస్టరులో రాశారు. చేసిన మనిషిని గేటు బయట నిలబెట్టి, గేటు లోపల ఉన్నవాడి పేరు రాసుకున్నారు. తప్పు రాశారని మైకు ముందు చెప్పాను, ఉత్తరాలు రాశాను, ఆఫీసుకు వెళ్లి చెప్పాను. ఇప్పటికీ అది అలాగే ఉంది.

పేరుదేముంది పెద్దాయనా, పిల్ల బతికింది కదా అని నన్ను ఓదార్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకు సంగతి అర్థం కాలేదు. మా కొల్లేటి ఊళ్లకు నీళ్లు ఒక్కసారి వచ్చి ఊరుకోవు. మళ్లీ వస్తాయి. మళ్లీ ఏదో బడిలో జనాన్ని పెడతారు, మళ్లీ గేటు దగ్గర కార్డు అడుగుతారు. కార్డు లేదని, ఆ పని చేసిన ఆవిడను మళ్లీ బయటే ఆపుతారు. లోపల ఆమె కోసం కళ్లు కాయలు కాచేలా చూసే మనిషి ఒకరు ఉంటారు. నా పోరాటం ఆ గేటు గురించి.

నేను లస్కరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కాలవల మీద షట్టర్లు ఎత్తడం, దించడం, పొద్దున సాయంత్రం నీటిమట్టం రాయడం లస్కరు పని. బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. బైబిలు చదవడం రావాలని మా అమ్మ కూర్చోబెట్టి అక్షరాలు గట్టిపరిచింది. మిగతా చదువంతా ఏలూరు లైబ్రరీ బెంచీల మీద, ఎవరూ పరీక్ష పెట్టకుండా అయింది. పేపర్లకు ఉత్తరాలు రాసే అలవాటు ఉంది. కొన్ని వేశారు, చాలా వేయలేదు.

ఆ పిల్లను గట్టు మీదికి తెచ్చినావిడ నాకు చుట్టం కాదు. మాది చర్చి పేట, వాళ్లది చేపలు పట్టేవాళ్ల వీధి. ఊరికి ఆ చివర వాళ్లు, ఈ చివర మేము. నేను చెల్లెమ్మా అంటాను, ఆమె అన్నయ్యగారూ అంటుంది. సంతకం రాదు. మాట మాత్రం చురుకు. దోనె వేసుకుని వెళ్లిన మనిషి పొద్దుగూకినా తిరిగి రాకపోతే, మా ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ముందు ఆమెకు కబురు వెళుతుంది. వెళ్లి ఆ ఇంట్లో కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా నేను చూస్తున్నది ఇదే.

మా వైపు ఒక పద్ధతి ఉంది. నీళ్లలో తప్పిపోయిన మనిషి దొరికే దాకా ఆ ఇంటి ఆడమనిషిని ఎలా జరిగిందని ఎవరూ అడగరు. అడిగామంటే మనిషి పోయాడని మనమే తేల్చేసినట్టు. ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది కదా. అందుకని పక్కన కూర్చుని, ఆమె ఎటు చూస్తుంటే అటే చూస్తారు. పొయ్యి ఎవరో ఒకరు వెలిగిస్తారు, పిల్లలకు ఎవరో అన్నం పెడతారు. ఆమె తనంతట తాను చెబితే వింటారు. చెప్పకపోతే రెండు రోజులైనా అలాగే కూర్చుంటారు. చెల్లెమ్మకు ఈ కూర్చోవడం బాగా తెలుసు. అందరికీ చేతనయ్యే పని కాదిది. నాకు గంటసేపు మాట్లాడకుండా కూర్చోవడమే కష్టం.

సునామీ వచ్చి వెళ్లాక మన జిల్లాల్లో కూడా కొత్త మాట ఒకటి వినపడసాగింది. మానసిక ప్రథమ చికిత్స. దెబ్బ తగిలితే కట్టు కట్టినట్టే, మనసు చెదిరిన మనిషికి మొదటి గంటల్లో ఎలా తోడుండాలో మామూలు జనానికి నేర్పుతారట. ఆ తరువాతే కొల్లేటిని ఆక్రమించాయని మా దగ్గర చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు పగలగొట్టారు. చెరువుల్లో కూలికి అలవాటుపడిన జనం ఒక్కసారిగా ఖాళీ అయ్యారు. మళ్లీ పాత దోనెలు బయటికి తీశారు. ఏలూరులో ఉండే ఒక స్వచ్ఛంద సంస్థ అప్పుడు మా వైపు ఊళ్లకు వచ్చి, వాలంటీర్లు కావాలి, తాడేపల్లిగూడెంలో మూడు రోజుల శిక్షణ అని చెప్పింది. మా ఊరి నుంచి నేనూ చెల్లెమ్మా వెళ్లాం. ఆమెను రమ్మన్నది నేనే.

శిక్షణ ఇచ్చినావిడ విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరు. వయసులో చిన్నది, మా మనవరాలి ఈడు. మంచి మనిషి, నేర్పినదీ మంచిదే. అది ఒప్పుకోకపోతే నేను అబద్ధాలకోరునవుతాను. ముందు మనిషి క్షేమంగా ఉన్నాడో లేదో చూడండి అంది. మంచినీళ్లివ్వండి, నీడలో కూర్చోబెట్టండి, ఏం కావాలో అడగండి, అయినవాళ్లకు కబురు చేయండి. జరిగింది చెప్పమని మాత్రం బలవంతపెట్టవద్దంది. వెనక బెంచీలో కూర్చున్న చెల్లెమ్మ లేచి, మేమూ అడగమండి, మనిషి దొరికే దాకా అసలు అడగం అంది. డాక్టరమ్మ ఆమెను ముందుకు పిలిచి, ఇంకా చెప్పండి అని అడిగి, తన నోటుబుక్కులో రాసుకుంది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె పక్కనే కూర్చుని తింది కూడా.

మర్నాడు పొద్దున సంస్థ కోఆర్డినేటరు లిస్టు పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. పదో తరగతి పాసైనవాళ్లకే వాలంటీరు కార్డు అన్నాడు. పై నుంచి వచ్చిన నిబంధన, తనదేమీ లేదన్నాడు. ఆమె ఫారం నేనే నింపాను. చదువు అన్న గడిలో లేదు అని రాశాను. ఉన్నదున్నట్టు రాశాను. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో ఆరు తప్పినవాళ్లు కూడా పది పాస్ అని రాసుకున్నారని తరువాత తెలిసింది.

నాది మూడో తరగతే కదండీ అని అడిగాను.

"మీరు పేపర్లకు రాసేవారు. మిమ్మల్ని చదువుకున్నవారి కిందే లెక్కేసుకున్నామండీ" అన్నాడు.

అప్పుడు నేను లేచి బయటికి వచ్చేయవలసింది. రాలేదు. చదువుకున్నవాడి కింద లెక్క అన్న మాట డెబ్బై ఏళ్లు దగ్గర పడుతుంటే మొదటిసారి విన్నాను. చెవికి ఇంపుగా ఉంది. ఈ ముక్క రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను. ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది. నేను మిగతా రెండు రోజులు కూర్చుని, నీలం తాడుకు కట్టిన కార్డు మెళ్లో వేసుకుని ఊరికి వచ్చాను. వీధి చివర ఎదురుపడి ఎగాదిగా చూసింది.

"తాడు బాగుందండీ అన్నయ్యగారూ. సంతలో గొడ్డును కొన్నాక ఇలాగే కడతారు, ఎవరిదో తెలియాలని."

నేను కార్డును చొక్కా లోపలికి తోసుకున్నాను.

ఆ వానాకాలం పైనుంచి తమ్మిలేరు పొంగింది, కింద కొల్లేరు నిండింది. మా ఊరు మెరక మీద ఉంది, మునిగిన చుట్టుపక్కల ఊళ్ల వాళ్లను ఏలూరు నుంచి కొల్లేటి వైపు వచ్చే రోడ్డు మీద ఒక హైస్కూల్లో పెట్టారు. సంస్థ వాళ్లు గేటు దగ్గర బల్ల వేశారు. బయటి నుంచి వచ్చేవాళ్లలో కార్డు ఉన్నవాళ్లే లోపలికి. జనం తోసుకురాకూడదని అన్నారు. కావచ్చు. వాలంటీర్లం ఏడుగురం. వట్లూరు వైపు కాలేజీల్లో చదివే పిల్లలు నలుగురు, ఒక ట్యూషను మాస్టారు, ఒక నర్సమ్మ, నేను. ఒక్కొక్కరు మూడు ఫారాలు నింపి ఇవ్వాలి. నింపితేనే సర్టిఫికెట్. ఈ ఫారాలు డాక్టరమ్మ పెట్టినవి కావు, ఆవిడ వెళ్లాక కోఆర్డినేటరు అచ్చు వేయించినవి. ఫారంలో మొదటి ప్రశ్న: సంఘటన ఎలా జరిగింది?

ఆ బడిలో ఒక పిల్ల ఉంది. పక్క ఊరు. ఇరవై రెండేళ్లుంటాయేమో. మొగుడు దోనె మీద ఆవును తోలుకురావడానికి వెళ్లాడు. దోనె దొరికింది, మనిషి దొరకలేదు. ఆమె ఏడో తరగతి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బడి మొత్తంలో అంత కష్టం మీద పడిన మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్లకు ఇళ్లు మునిగాయి, వడ్లు తడిశాయి, వాళ్లు కోపంగా అరుస్తున్నారు, అన్నం కోసం లైన్లో నిలబడుతున్నారు. ఫారంలో రాయదగిన కేసు ఆమెదే. కేసు అన్నది వాళ్ల మాట.

అందుకని ఒకరి తరువాత ఒకరు ఆమె దగ్గరికి వెళ్లారు. ఎంత మర్యాదో చూడండి. "ఏమీ అనుకోకండమ్మా, ఎలా జరిగిందో కొంచెం చెబుతారా అండీ" అని ప్రతివాళ్లూ గోదావరి జిల్లాల మెత్తదనమంతా కూడగట్టుకుని అడిగారు. మొదటి మనిషికి చెప్పింది. రెండో మనిషికి చెప్పింది. మూడో మనిషికి సగం చెప్పింది.

నాలుగో మనిషిని నేను.

పుట్టినప్పటి నుంచి కొల్లేటి ఒడ్డునే ఉన్నవాణ్ణి, అడగకూడదని తెలిసినవాణ్ణి, అట్ట మీద ఫారం పెట్టుకుని, పెన్ను మూత తీసి, ఎదురుగా కూర్చుని ఎలా జరిగిందమ్మా అని అడిగాను. ఆమె నా మొహం కేసి చూసింది. మా వైపు పెద్దవాడు అడిగాడంటే ఇంక మనిషి పోయినట్టే. ఆమె అదే అనుకుని ఉంటుంది. నాకు జవాబు చెప్పలేదు. నా తరువాత వచ్చినవాళ్లకూ చెప్పలేదు. నా ఫారం ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చూసి, ఇంకో మనిషిని వెతుక్కోవాలేమో అనుకున్నాను. అంతదాకా వచ్చింది నా చదువు.

చెల్లెమ్మ ఆ పొద్దున్నే క్యారేజీలో అన్నం కట్టుకుని వచ్చింది. పక్క ఊరి నుంచి ఆమెకు ఎప్పటిలాగే కబురు వెళ్లింది. గేటు దగ్గర కాలేజీ పిల్ల ఆపింది. సారీ అండీ, కార్డు ఉంటేనే అండీ, మీ కోసమే అండీ ఈ ఏర్పాటంతా అంది. చెల్లెమ్మ నన్ను పిలిపించింది. నేను వెళ్లి కోఆర్డినేటరుతో మాట్లాడాను. బంధువైతే పంపిద్దామండీ, బంధువా అని అడిగాడు. కాదు. అయితే కష్టమండీ అన్నాడు. నా కార్డు తీసి ఆమె మెళ్లో వేయాలని ఆ క్షణంలో నాకు తోచలేదు. తోచనందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. ఆమె రోడ్డు అవతల బస్సు షెల్టరులో కూర్చుంది. అక్కడి నుంచి గేటు కనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనాలు వడ్డిస్తున్న గొడవలో ఆ పిల్ల బయటికి నడిచింది. లోపలికి రావడానికే కార్డు, వెళ్లేవాళ్లను ఎవరూ అడగలేదు. చూసింది చెల్లెమ్మ ఒక్కతే. లేచి వెనకాలే నడిచింది. అది చూసి గేటులోంచి నేను వెళ్లాను. నా మోకాళ్లకు అంత వేగం లేదు.

బడి వెనక ఫర్లాంగు దూరంలో పాత చెరువు గట్టు, అవతల అంతా నీళ్లు. నేను వెళ్లేసరికి ఆ పిల్ల నడుము లోతు నీళ్లలో ఉంది. చెల్లెమ్మ కూడా చీర ఎగ్గట్టి దిగి, ఆమె పక్కనే నిలబడి ఉంది. చెయ్యి పట్టుకోలేదు, అరవలేదు. నేను గట్టు మీద ఆగిపోయాను. గాలి మా వైపు ఉంది, మాటలు వినపడ్డాయి.

"వెతుకుతానండీ" అంది ఆ పిల్ల.

"వెతుకుదాం. నేనూ అందుకే వచ్చా" అంది చెల్లెమ్మ. "ఇటు గుర్రపుడెక్క మందంగా ఉందమ్మా, కాళ్లకు చుట్టుకుంటాది. గట్టెక్కితే ఇంకా దూరం కనపడుద్ది. రా, పైనుంచి చూత్తా ఉందాం."

కొంతసేపు ఇద్దరూ అలాగే ఉన్నారు. ఎంతసేపని చెప్పను. నాకు మాత్రం షట్టరు తెగిపోతుందేమోనని రాత్రంతా కాపలా కాసిన తుఫాను రోజుల కన్నా ఎక్కువ అనిపించింది. తరువాత ఇద్దరూ గట్టెక్కారు. నన్ను చూసి చెల్లెమ్మ దూరంగా ఉండమని చెయ్యి ఊపింది. దూరంగానే ఉన్నాను. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని నీళ్ల వైపు చూశారు. ఒక్క ప్రశ్న కూడా లేదు. పొద్దు వాలే వేళకు ఆ పిల్ల క్యారేజీలో అన్నం రెండు ముద్దలు తింది. ఎండు చేపల పులుసు వాసన నా దాకా వచ్చింది. అప్పుడు తనంతట తాను ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో నేను వినలేదు, వినవలసింది కూడా కాదు.

ముగ్గురం కలిసి బడికి తిరిగి వచ్చాం. గేటు దగ్గర ఆ పిల్లను లోపలికి పంపారు. నన్ను పంపారు. చెల్లెమ్మను మళ్లీ ఆపారు. తడిసిన చీరతో ఉంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి వదలనంటే, కోఆర్డినేటరు వచ్చి, సరే ఈ ఒక్క రాత్రికి అని పెద్ద మనసు చేసుకున్నట్టు ఒప్పుకున్నాడు. బల్ల దగ్గర రిజిస్టరులో ఆ సంగతి రాశారు. తీసుకొచ్చిన వాలంటీరు అన్న గడిలో కార్డు నంబరు రాయాలి. ఉన్న నంబరు నాది. నా ఎదురుగానే రాశారా అంటే, లేదు. నేను కాళ్ల బురద కడుక్కోవడానికి వెళ్లాను. రాశారని తెలిసింది రెండు నెలల తరువాత.

మూడో రోజున ఆమె మొగుడు దొరికాడు, ప్రాణంతో కాదు. ఆ పిల్ల ఇప్పుడు ఏలూరులో పుట్టింటివాళ్ల దగ్గర ఉంది. కుట్టుపని చేస్తుంది. కనపడితే పలకరిస్తుంది, చెల్లెమ్మ ఎలా ఉందని అడుగుతుంది.

రెండు నెలల తరువాత ఏలూరులో సభ పెట్టారు. నన్ను స్టేజీ మీదికి పిలిచి, ఈ పెద్దాయన మన శిక్షణ వల్ల ఒక ప్రాణం నిలబెట్టారు అని చదివి శాలువా కప్పబోయారు. నేను మైకు లాక్కుని, నేను కాదు, మా ఊరి ఆవిడ, మీరు కార్డు ఇవ్వనంటే బస్సు షెల్టరులో కూర్చున్నావిడ, నేనైతే ఆ పిల్ల నోరు మూయించినవాళ్లలో ఒకణ్ణి అన్నాను. కోఆర్డినేటరు నవ్వుతూ మైకు అందుకున్నాడు.

"చూశారా అండీ వినయం. ఈ తరంలో మనకు లేనిది అదే."

చప్పట్లు. నిజం చెబితే చప్పట్లు కొట్టి దాన్ని మూసేయవచ్చని నాకు అంతవరకు తెలియదు. తిడితే బాగుండేది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టవచ్చు. శాలువా కుర్చీ మీద వదిలేసి వచ్చాను. మర్నాడు ఎవరో ఇంటికి పంపించారు, మరిచిపోయారనుకుని.

అప్పటి నుంచి ఉత్తరాలు. రిజిస్టరు సవరించండి, ఆమెకు కార్డు ఇవ్వండి. రెండే కోరికలు. డాక్టరమ్మ చిరునామా అడిగితే, ఇవ్వడానికి వీలు కాదండీ అన్నారు. ఆఫీసుకు వెళితే, సారు టూర్లో ఉన్నారండీ, కూర్చోండి, టీ తాగుతారా అండీ అనేవారు. ఆ ఆఫీసులో టీ చాలాసార్లు తాగాను. ఒకసారి చెల్లెమ్మను కూడా తీసుకెళ్లాను. ఆమె గోడ మీద వాలంటీర్లు బాధితులతో మాట్లాడుతున్న ఫోటోలన్నీ చూసి, అందరూ బాగా కూర్చున్నారండీ, కానీ ఎదురెదురుగా కూర్చున్నారేంటి, తగువు తీర్చుకోడానికా అంది. గుమాస్తా అమ్మాయి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. బయటికి వచ్చాక చెల్లెమ్మ ఆగి చెప్పింది:

"నాకు కాయితం ఎందుకండీ అన్నయ్యగారూ. గోడకు తగిలించుకోనా? గేటు తియ్యమనండి, చాలు."

మరుసటి ఏడు మళ్లీ నీళ్లు వచ్చాయి. ఈసారి వేరే బడి, వేరే వాలంటీర్లు, అదే నీలం తాడు. లోపల ఒక ముసలాయన, గేదెలతో పాటు కొడుకును పోగొట్టుకున్నవాడు, గోడకు తల కొట్టుకుంటున్నాడని కబురు వస్తే ఆమె వెళ్లింది. నేను జ్వరంతో మంచం మీద ఉన్నాను. గేటు దగ్గర ఆపారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బయట కూర్చుని తిరిగి వచ్చింది. ఆ ముసలాయన ఎలా ఉన్నాడని అడిగాను. తెలియదంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ముప్పై ఏళ్లలో ఆమె నోట తెలియదు అన్న మాట వినలేదు.

జ్వరం తగ్గాక కూర్చుని నాలుగు పేజీల ఉత్తరం రాశాను. తప్పు నాది కూడా అని రాశాను, ఫారం పట్టుకుని అడిగింది నేనని రాశాను. ఆ పిల్ల చేత కూడా చెప్పించి రాసి, ఆమె సంతకం పెట్టించాను. రిజిస్టర్ పోస్టులో పంపాను. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. సంస్థ లెటర్‌హెడ్ మీద టైపు చేసిన కాగితం. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ దించుతున్నాను.

"గౌరవనీయులైన పెద్దలకు నమస్కారములు. మీ లేఖ అందినది. మీరు కోరిన సవరణ విషయము పరిశీలించడమైనది. రిజిస్టరులో వాలంటీరు పేరు మార్చుటకు సదరు వ్యక్తి యొక్క కార్డు నంబరు తప్పనిసరి. కావున ఆమె కార్డు నంబరు తెలియజేసిన యెడల సవరణ చేయగలము. ఆమెకు కార్డు మంజూరు విషయమై, విద్యార్హత లేనందున ప్రస్తుతము వీలుపడదు. మీ అనుభవమును దృష్టిలో ఉంచుకొని, రాబోవు శిక్షణలో బాధితులతో మాట్లాడు విధానముపై ఒక గంట బోధించవలసినదిగా మిమ్ములను ఆహ్వానించుచున్నాము. సదరు మహిళ కూడా హాజరు కాదలచినచో, హాలు బయట కూర్చొనుటకు మాకు అభ్యంతరము లేదు."